పాత కర్ర లేత్‌కు సెకండ్‌హ్యాండ్ చక్: త్రెడ్ కుదిరినా చక్ సరిగా ఆనని ఒక కేసు

ఈ కేసులో ఉన్నవి రెండు వస్తువులు. ఒకటి, పోత ఇనుప బెడ్ ఉన్న పాత కర్ర లేత్. దాని స్పిండిల్ (పనిని తిప్పే ఇరుసు) ముక్కు 1 అంగుళం వ్యాసం, అంగుళానికి 8 చుట్ల త్రెడ్ (మర). రెండోది, ఒకరు కొన్నేళ్లు వాడి పక్కన పెట్టేసిన నాలుగు దవడల స్క్రోల్ చక్, అంటే దవడలన్నీ ఒకేసారి కదిలి కర్రను పట్టుకునే పరికరం; దాని వెనుక భాగంలో విడిగా బిగించే ఇన్‌సర్ట్ ఉంటుంది, ఆ ఇన్‌సర్ట్ మీద కూడా 1 అంగుళం, 8 చుట్లు అనే గుర్తే ఉంది. చేత్తో తిప్పితే చక్ స్పిండిల్ మీదికి ఎక్కడా పట్టకుండా ఎక్కింది. ఎక్కింది కాబట్టి కుదిరిందని అనుకున్నాను. పొరపాటు అక్కడే జరిగింది. దాన్ని ఎలా కనిపెట్టానో, ఎలా సరిచేశానో కొలతలతో సహా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి జోడీతో ఇబ్బంది పడేవారు చాలామంది తప్పును చక్ మీదకు తోసేసి, బాగున్న చక్‌ను మూలన పడేయడం నేను చూశాను.

త్రెడ్‌ను గుర్తుపట్టడం

పాత లేత్ విషయంలో మొదటి పని స్పిండిల్ త్రెడ్ ఏమిటో తేల్చుకోవడం. ఇందులో ఊహకు చోటు లేదు. మైఫర్డ్ ఎంఎల్8 అనే లేత్ స్పిండిల్ 1 అంగుళమే అయినా అంగుళానికి 12 చుట్లు; యూనియన్ గ్రాడ్యుయేట్‌ది ఒకటిన్నర అంగుళం, 6 చుట్లు; ఇప్పటి లేత్‌లలో ఎం33 (33 మి.మీ. వ్యాసం), 3.5 మి.మీ. పిచ్ (పక్కపక్క చుట్ల మధ్య దూరం) ఎక్కువగా కనిపిస్తుంది. వ్యాసం ఒక్కటీ కొలిచి చక్ తెచ్చుకుంటే దెబ్బతినడానికి కారణం ఇదే.

వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే నా స్పిండిల్ బయటి వ్యాసం 25.2 మి.మీ. వచ్చింది. ఏళ్ల తరబడి ఫేస్‌ప్లేట్ (కర్రను మరలతో బిగించే పళ్లెం) ఎక్కించి దించడంలో చుట్ల శిఖరాలు కొంత అరుగుతాయి కాబట్టి 25.4కు ఆ మాత్రం తక్కువ ఉండడం మామూలే. పిచ్ కోసం త్రెడ్ మీద పలచని కాగితం చుట్టి, వేలితో గట్టిగా నొక్కి, పడిన గీతలను స్కేలు మీద పెట్టి లెక్కించాను. ఒక్క చుట్టు కొలిస్తే 3 మి.మీ.కూ 3.175 మి.మీ.కూ తేడా తెలియదు. ఎనిమిది చుట్లు కొలిస్తే మెట్రిక్ 3 మి.మీ. పిచ్ అయితే 24 మి.మీ., అంగుళానికి 8 అయితే 25.4 మి.మీ. వస్తుంది, ఆ 1.4 మి.మీ. తేడా కంటికే కనిపిస్తుంది. నాకు వచ్చింది 25.4.

ఇంకొక సందేహం మిగిలింది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన త్రెడ్ కోణం 55 డిగ్రీలు, 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ ప్రతిపాదించినది 60 డిగ్రీలు; 1 అంగుళం దగ్గర రెండింటికీ అంగుళానికి 8 చుట్లే. అందువల్ల చుట్లు లెక్కపెట్టి ఊరుకుంటే కోణం సంగతి బయటపడదు, ఒకదాని మీద మరొకటి చాలాసార్లు ఎక్కేస్తుంది కూడా, కానీ పక్క ముఖాలు పూర్తిగా ఆనవు. త్రెడ్ గేజ్‌ను వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే నా స్పిండిల్ 60 డిగ్రీలదని తేలింది, ఇన్‌సర్ట్ కూడా అదే. కాబట్టి త్రెడ్ జాతి విషయంలో అనుమానం అక్కడితో తీరింది.

చక్‌ను విప్పడం

సెకండ్‌హ్యాండ్ చక్‌ను విప్పకుండా లేత్ ఎక్కించకూడదని నా నియమం. దవడలు విప్పి, వాటిని మోసే స్లైడ్‌లు తీసి, వాటిని కదిపే సర్పిలాకార గాడి పళ్లెం, అంటే స్క్రోల్, చూస్తే దాని గాడుల్లో రంపపు పొడి, జిగురు కలిసి గట్టిపడి ఉన్నాయి. కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో రుద్దితే అడుగు కనిపించింది. స్క్రోల్ చుట్ల అంచులు ఎక్కడా విరగలేదు, తాళంచెవితో తిప్పే పినియన్ పళ్లు బాగున్నాయి, స్లైడ్‌లలో వదులు నాలుగింటిలోనూ దాదాపు ఒకే తీరులో ఉంది. ఒక స్లైడ్ మాత్రమే మిగతావాటికంటే ఎక్కువ ఊగితే ఆ చక్ ఎప్పుడో గట్టి దెబ్బ తిన్నదని అర్థం. అలాంటి దాన్ని నేనైతే తీసుకోను. తిరిగి కూర్చేటప్పుడు స్లైడ్‌ల మీద ఉన్న 1, 2, 3, 4 అంకెల వరుస ప్రకారమే, స్క్రోల్ చుట్టు మొదలు ఒక్కో గాడి దగ్గరకు వచ్చినప్పుడల్లా ఒక్కోటి ఎక్కించాలి. చివర్లో నాలుగు దవడలూ మధ్యలో ఒకేసారి కలవాలి. కలవకపోతే ఏదో ఒకటి ఒక చుట్టు వెనకబడ్డట్టే. నూనె ఎక్కువ పూయలేదు, ఎందుకంటే కర్ర పొడికి నూనె తోడైతే అది మళ్లీ ముద్ద కడుతుంది.

మొదటి గిన్నె, తొలి హెచ్చరిక

220 మి.మీ. వ్యాసం గల గిన్నె దుంగను ఫేస్‌ప్లేట్ మీద పెట్టి బయటి వైపు తీశాను. అడుగున చక్‌కు పట్టించే గుండ్రటి బుడిపె, అంటే టెనన్, తీసి, చక్ ఎక్కించి గిన్నెను తిప్పి పట్టించాను. నిదానమైన వేగంలోనే గిన్నె అంచు సుమారు అర మిల్లీమీటరు ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు కనిపించింది. కర్ర తిప్పి పట్టించినప్పుడు కొంత ఊపు సహజం, కర్ర కూడా తేమను బట్టి కదులుతుంది. అందుకని దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. లోపలి వైపు తీస్తుండగా ఉలి ఒక్కసారి కర్రలో గుచ్చుకుంది. దెబ్బ పెద్దది కాదు. కానీ పని ఆపి చక్ దించబోతే అది కదలలేదు.

భుజానికి, అంటే స్పిండిల్ త్రెడ్ వెనుక ఉండే చదును మెట్టుకు, ఆని బిగిసిన చక్ ఒక్క కుదుపుతో వదులుతుంది. ఇది అలా బిగిసిన తీరులా లేదు, త్రెడ్‌లో ఇరుక్కున్నట్టుంది. దవడల మధ్య పొడవాటి గట్టి కర్ర పట్టించి, స్పిండిల్ మీది చదును ముఖాలకు స్పానర్ వేసి ఆపి, కర్ర చివర మొద్దు సుత్తితో కొడితే మూడో దెబ్బకు వదిలింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి: ఇలాంటి సమయంలో స్పిండిల్‌ను ఆపడానికి ఇండెక్సింగ్ పిన్ వాడకూడదు. అది చుట్టును సమాన భాగాలుగా విభజించుకోవడానికి ఉన్న సన్నటి పిన్, సుత్తి దెబ్బ తట్టుకోవడానికి కాదు. అది వంగినా, అది కూర్చునే రంధ్రాల అంచు విరిగినా పాత లేత్‌కు ఆ భాగం దొరకడం కష్టం.

కొలతలు

కర్రను పక్కన పెట్టి, ఇక ఉక్కు మీదనే కొలవాలని నిర్ణయించుకున్నాను. 6204 బేరింగ్ పాతది ఒకటి ఉంది. దాని బయటి రింగు 47 మి.మీ. వ్యాసం, గ్రైండింగ్ చేసిన ముఖం, 50 మి.మీ. దవడల్లో పట్టించి డయల్ గేజ్ (సూక్ష్మమైన కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించడానికి ఇంతకంటే మంచి గుండ్రటి వస్తువు సాధారణ కార్ఖానాలో దొరకదు.

ముందుగా చక్ లేకుండా స్పిండిల్‌ను చూశాను. భుజం బయటి వ్యాసం మీద డయల్ 0.015 మి.మీ. తిరిగింది, భుజం ముఖం మీద 0.01. ముందుకూ వెనక్కూ నెట్టి చూస్తే 0.02 కదలిక. పాత లేత్‌కు ఇవి ఎంతో మంచి అంకెలు. బేరింగులు, స్పిండిల్ నిర్దోషులు.

తరవాత చక్ ఎక్కించి, బేరింగ్ రింగు పట్టించి, భుజం నుంచి 80 మి.మీ. దూరంలో కొలిస్తే 0.36 మి.మీ. రనౌట్ (తిరిగేటప్పుడు వచ్చే ఊపు) వచ్చింది. గిన్నె పనికి ఇది చాలా ఎక్కువ. ఇక్కడే చాలామంది చక్ వంకర అని తీర్పు చెప్పేస్తారు. నేను చక్‌ను పూర్తిగా విప్పి మళ్లీ ఎక్కించాను, అలా ఐదుసార్లు చేశాను, ప్రతిసారీ డయల్ అన్నిటికంటే ఎక్కువ చూపిన చోట చక్ మీద సుద్దతో గీత పెట్టాను. అంకెలు 0.36, 0.22, 0.41, 0.30, 0.36. గీతలు చక్ చుట్టూ చెదిరిపోయి ఉన్నాయి, రెండు గీతలు కూడా ఒకచోట పడలేదు.

ఈ కేసు మొత్తాన్ని తేల్చింది ఆ సుద్ద గీతలే. చక్ వంకరైతే, ఆ వంకర చక్‌తోపాటే తిరుగుతుంది కాబట్టి గీత ప్రతిసారీ ఒకేచోట పడాలి, అంకె కూడా ఇంచుమించు ఒకటే రావాలి. ఇక్కడ రెండూ మారుతున్నాయంటే, చక్ ప్రతిసారీ కొత్త చోట, కొత్త వాలులో ఆగుతోందన్నమాట. త్రెడ్ పని చక్‌ను వెనక్కి లాగి పట్టుకోవడం వరకే; చక్‌ను నిటారుగా నిలబెట్టేది భుజం ముఖం. ఆ ముఖానికి ఆనకపోతే చక్‌కు ఆధారం త్రెడ్‌లో ఉండే వదులు మాత్రమే.

ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని బ్లేడ్ల కట్ట) తెచ్చి భుజానికీ ఇన్‌సర్ట్ వెనుక ముఖానికీ మధ్య పెట్టాను. చుట్టూ సందు ఉంది. ఒకవైపు 0.30 మి.మీ. బ్లేడ్లు దూరాయి, సరిగ్గా దానికి ఎదురుగా 0.22 మాత్రమే దూరాయి. చూస్తే కనిపించని సందు. వేలితో తడిమినా తెలియదు. తేడా 0.08 మి.మీ., ఆనే ముఖం వ్యాసం 38 మి.మీ. అంటే 38 మి.మీ.లో 0.08 వాలు, అదే వాలు 80 మి.మీ. ముందుకు వెళ్లేసరికి అక్షం 0.17 మి.మీ. పక్కకు జరుగుతుంది, పూర్తి చుట్టు తిరిగినప్పుడు డయల్ దానికి రెట్టింపు, అంటే 0.34 చూపాలి. నాకు వచ్చింది 0.36. గిన్నె అంచు లెక్క కూడా కుదిరింది: అదే వాలు 220 మి.మీ. వ్యాసానికి 0.46 మి.మీ. అవుతుంది, నేను కంటితో చూసిన అర మిల్లీమీటరు అదే.

చక్ ఎక్కడ ఆగుతోంది

భుజం దాకా రాకుండా చక్‌ను ఆపేవి రెండే ఉండగలవు: స్పిండిల్ ముక్కు చివర చక్ లోపల దేనికైనా తగలడం, లేదా త్రెడ్ మొదట్లో ఇరుక్కోవడం. మొదటిదాన్ని పరీక్షించడానికి ముక్కు చివర చిన్న మట్టి ముద్ద అంటించి చక్ బిగించి విప్పాను. మట్టి మీద నొక్కు పడలేదు. ఇక మిగిలింది త్రెడ్ మొదలు.

భూతద్దంతో స్పిండిల్‌ను చూస్తే విషయం స్పష్టమైంది. ఇప్పటి స్పిండిల్‌లలో భుజం పక్కన త్రెడ్ ముగిసేచోట లోతైన గాడి తీసి ఉంచుతారు, చుట్టు అందులోకి వెళ్లి తెగిపోతుంది. నా లేత్‌కు ఆ గాడి లేదు. భుజానికి సుమారు 5 మి.మీ. ముందు నుంచే చుట్టు లోతు తగ్గుతూ తగ్గుతూ మాయమవుతుంది. ఇన్‌సర్ట్ వెనుక భాగంలో ఈ మాయమయ్యే భాగానికి చోటిచ్చే గూడు ఉంది, కానీ దాని లోతు 4 మి.మీ. మాత్రమే. గాడి ఉన్న స్పిండిల్‌కు అది చాలు, దీనికి చాలదు. ఇన్‌సర్ట్ తొలి చుట్టు ఆ సగం లోతు త్రెడ్ మీదికి చీలలా ఎక్కి, 0.2, 0.3 మి.మీ. దూరంలో బిగిసిపోతోంది. చేతికి అది ‘గట్టిగా బిగిసింది’ అనే అనిపిస్తుంది. ఉలి గుచ్చుకున్నప్పుడు చక్ ఇరుక్కుపోవడానికి కారణం కూడా ఇదే.

ఈ వెతుకులాటలో ఇంకొక చిన్న లోపం దొరికింది. భుజం ముఖం అంచున గోరు మొన అంత నొక్కు, దాని పక్కన లేచిన లోహం. చక్ సరిగా ఆనడం మొదలుపెట్టాక ఇదే కొత్త తప్పుగా మారేది. నున్నటి సానరాయిని ముఖానికి చదునుగా ఆనించి, లేచిన లోహం వరకే తీశాను. నొక్కును అలాగే వదిలేశాను, ఎందుకంటే గుంట వల్ల నష్టం లేదు, గుట్ట వల్లనే నష్టం.

సరిచేసిన పద్ధతి

మూడు దారులు కనిపించాయి. స్పిండిల్ మీద గాడి తీయించడం మొదటిది. స్పిండిల్ విప్పాలి, ముక్కు బలం కొంత తగ్గుతుంది, పొరపాటు జరిగితే లేత్ పోయినట్టే. భుజానికీ చక్‌కూ మధ్య ఉక్కు రింగు పెట్టడం రెండోది. ఇది చాలామంది చేసేదే, తప్పు కాదు, కానీ రింగు రెండు ముఖాలూ ఒకదానికొకటి సమాంతరంగా గ్రైండింగ్ చేసి ఉండాలి, పైగా చక్ ముందుకు జరుగుతుంది. బేరింగు నుంచి చక్ ఎంత దూరం జరిగితే కంపనం అంత పెరుగుతుంది. రింగుల మీద రింగులు, అడాప్టర్ల మీద అడాప్టర్లు వేసుకుంటూ పోయేవారికి పెద్ద గిన్నెలు నున్నగా రాకపోవడానికి ఇదొక ప్రధాన కారణమని నా అనుభవం. మూడోది, ఇన్‌సర్ట్ గూడును లోతు చేయడం. ఇన్‌సర్ట్ పాడైతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. మూడోదాన్నే ఎంచుకున్నాను.

ఈ పని కర్ర లేత్ మీద చేసేది కాదు. లోహపు పని చేసే టర్నర్ దగ్గరకు ఇన్‌సర్ట్‌తోపాటు స్పిండిల్ కొలతలు కాగితం మీద గీసి తీసుకెళ్లాను. ఆయనను ఒక్క విషయం ప్రత్యేకంగా కోరాను: ఇన్‌సర్ట్‌ను బయటి వ్యాసం పట్టుకుని గూడు తీయవద్దని. బయటి వ్యాసం త్రెడ్‌కు సమకేంద్రంగా ఉందన్న హామీ లేదు. అందుకని ఆయన ఒక కడ్డీ మీద అదే 1 అంగుళం, 8 చుట్ల త్రెడ్ తీసి మాండ్రెల్ (ఇన్‌సర్ట్‌ను ఎక్కించి పట్టుకునే కడ్డీ) చేశారు. దాన్ని లేత్ నుంచి కదపకుండానే ఇన్‌సర్ట్‌ను వెనుక ముఖం బయటికి వచ్చేలా దాని మీద ఎక్కించి బిగించి, ఒకే అమరికలో గూడును 6 మి.మీ. లోతుకు, 25.6 మి.మీ. వ్యాసానికి తీసి, ఆనే ముఖాన్ని కూడా పలచగా ఒక కోత వేశారు. అలా చేయడంతో ఆ ముఖం త్రెడ్ అక్షానికి కచ్చితంగా లంబంగా వచ్చింది. 22 మి.మీ. మందం గల ఇన్‌సర్ట్‌లో ఇంకా 16 మి.మీ. త్రెడ్, అంటే ఐదు పూర్తి చుట్లు మిగిలాయి. పట్టుకు అవి సరిపోతాయి.

ఇంటికి తెచ్చాక భుజం ముఖానికి మార్కింగ్ బ్లూ (ఆనిన చోట అచ్చు పడే నీలి రంగు) పలచగా పూసి, చక్‌ను చేత్తో బిగించి విప్పి చూశాను. ఇన్‌సర్ట్ ముఖం మీద నీలి వలయం పూర్తిగా పడింది, నొక్కు ఉన్న ఒక్కచోట మాత్రం చిన్న ఖాళీ. బిగించేటప్పుడు చివర్లో వచ్చే చప్పుడు కూడా మారింది: ఇదివరకు నెమ్మదిగా బరువెక్కుతూ ఆగేది, ఇప్పుడు టక్కున ఆనుతుంది.

మళ్లీ కొలతలు, నా పొరపాటు ఒకటి

చక్ ఒంటి మీద రనౌట్ 0.03కు తగ్గింది. ఐదుసార్లు విప్పి ఎక్కించినా 0.03, 0.04 మధ్యే ఉంది, సుద్ద గీతలన్నీ ఒకే దగ్గర పడ్డాయి. కానీ దవడల్లో బేరింగ్ రింగు పట్టించి కొలిస్తే 0.12 వచ్చింది. ఈ గీతలు కూడా ఒకేచోట పడ్డాయి, అదీ మూడో దవడ వైపు. ఇప్పుడు మాత్రం లోపం చక్‌లోనే ఉందని గీతలు చెబుతున్నాయి. మూడో దవడ విప్పి చూస్తే, అది స్లైడ్ మీద కూర్చునే మెట్టులో, చిటికెన వేలి గోరులో పావు వంతు కూడా లేని పారదర్శకమైన పొర ఉంది. పాత యజమాని వాడిన సూపర్ గ్లూ చుక్క ఎప్పుడో జారి గట్టిపడినది. కిరోసిన్‌కు అది కరగదు. నానబెట్టి కడిగాక శుభ్రమైపోయిందని నమ్మి, ఆ మెట్లను గోటితో తడిమి చూడకపోవడం నా అజాగ్రత్త. ఎసిటోన్‌తో తుడిచి, మొద్దు బ్లేడుతో గీకి తీశాక 0.05 వచ్చింది. కర్ర పనికి అంతకు మించి నేను వెంటాడను.

ఇక్కడ టెనన్ కొలత సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి చక్ దవడలు ఒకే ఒక్క వ్యాసం దగ్గర నిజమైన వలయంగా ఉంటాయి. అది తయారీలో వాటిని కోసిన వ్యాసం, సాధారణంగా దవడల మధ్య కొద్దిపాటి సందు ఉన్నప్పుడు వస్తుంది. అంతకంటే చాలా పెద్ద టెనన్ పట్టిస్తే దవడల మూలలు మాత్రమే కర్రలో గుచ్చుకుంటాయి. అలాగే టెనన్ చివర చక్ అడుగుకు తగలకూడదు, టెనన్ చుట్టూ ఉన్న కర్ర భుజమే దవడల ముందు ముఖానికి ఆనాలి. స్పిండిల్ దగ్గర నేను చేసిన తప్పూ ఇక్కడ జరిగే తప్పూ ఒకటే కుటుంబానివి: ఆనవలసిన ముఖం ఆనక, వేరే ఏదో ముందే తగలడం.

అదే దుంగ జాతి కర్రతో అదే 220 మి.మీ. వ్యాసంలో మరో గిన్నె చేశాను. తొలి పరుగు ఎప్పటిలాగే అతి తక్కువ వేగంలో, గిన్నె తిరిగే వరుసలోంచి పక్కకు జరిగి, ముఖానికి షీల్డ్ పెట్టుకుని. తిప్పి పట్టించినప్పుడు అంచు ఊపు కంటికి ఆనలేదు. గోడ మందం 4 మి.మీ. అనుకుంటే చుట్టూ అంతే వచ్చింది. పని అయ్యాక చక్‌ను రెండు చేతులతో ఒక్క కుదుపు ఇస్తే వదిలింది.

ఆరు నెలల వాడకం తరవాత బేరింగ్ రింగు పట్టించి మళ్లీ చూస్తే 0.06 ఉంది, ఇన్‌సర్ట్ ముఖాన్నీ భుజాన్నీ గుడ్డతో తుడిచి ఎక్కిస్తే మళ్లీ 0.05కు వచ్చింది. అప్పటి నుంచి ప్రతిసారీ చక్ ఎక్కించే ముందు ఆ రెండు ముఖాలనూ బొటనవేలితో ఒక చుట్టు తడుముతున్నాను, ఒక్క రంపపు పొడి రేణువు చిక్కినా వేలికి తెలుస్తుంది. ఒక్క లోటు మిగిలే ఉంది. ఈ ఇన్‌సర్ట్‌కు స్పిండిల్‌ను పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న మర) లేదు, నా స్పిండిల్ మీద అది కూర్చునే గాడీ లేదు. వెనక్కి తిప్పితే చక్ విప్పుకుపోవచ్చు కాబట్టి ఈ చక్‌తో లేత్‌ను వెనక్కి తిప్పి శాండింగ్ చేయను. ఆ పని ఉన్న గిన్నెలను చేత్తోనే, పోగు దిశలో నున్న చేస్తున్నాను.